“ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?”

2025 జనవరిలో తాడేపల్లిగూడెం ఆడిటరుగారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఈ మాట అడిగినప్పుడు మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. “మాదేనండీ” అన్నారు మావారు. “మీదే. కాగితం ఎవరి పేరున ఉందీ అని” అన్నారాయన. పెళ్ళయి పదహారేళ్ళు. ఆ ఇంట్లో ఏ పెంకు కింద నీరు కారుతుందో, ఏ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందో నాకు తెలుసు గానీ, ఈ సంగతి మాత్రం తెలియదు.

మేం ఆయన దగ్గరికి వెళ్ళింది ఇల్లు బాగుచేయించుకోవడానికి చేసిన అప్పు మీద పన్ను తగ్గింపు వస్తుందేమో కనుక్కుందామని. మావారి ఆఫీసులో ఎవరో చెప్పారట, “ఇంటి రిపేరు లోను వడ్డీకి గవర్నమెంటు రాయితీ ఇస్తుంది, వదులుకోకు” అని. వదులుకోవడానికి మేమేమైనా జమీందార్లమా!

ముందు మా ఇంటి కథ కొంచెం చెప్పాలి. మాది గణపవరంలో పాత పెంకుటిల్లు. మామగారు 1978లో స్థలం కొని కట్టించింది. ముందు అరుగు, నడవ, రెండు గదులు, వెనక వంటిల్లు. పెరట్లో నుయ్యి పక్కన స్నానాలగది, దానికి అవతల మరుగుదొడ్డి. మా వైపు చూసినవాళ్ళకి తెలుసు, ఎటు తిరిగినా పంటకాలవలు, వరిచేలు, కొల్లేరు దిక్కుగా వెళ్ళేకొద్దీ చేపల చెరువులు. నేలలోనే చెమ్మ. గోడలకి మోకాలెత్తు దాకా చవుడు పొంగుతుంది. సంక్రాంతికి వెల్ల వేయిస్తే శివరాత్రికల్లా పెచ్చులూడిపోతుంది. ఏటా ఇదే తంతు.

2024 సెప్టెంబరు మొదట్లో వానలు మీకు గుర్తుండే ఉంటాయి. బుడమేరు పొంగి బెజవాడని ముంచింది. ఆ నీరంతా చివరికి వచ్చి చేరేది మా కొల్లేరుకే. మా ఊరికి అంత ఉపద్రవం రాలేదు గానీ మా ఇంటి నడిదూలం పుచ్చిపోయి, పడగ్గదిలో మంచం మీద గిన్నెలూ బిందెలూ పెట్టుకుని కూర్చున్నాం. ఆ వానలోనే ఓ రాత్రి మా అత్తయ్యగారు పెరట్లోకి వెళ్ళబోయి నాచు మీద జారారు. మణికట్టు విరిగింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, అర్ధరాత్రి, గొడుగు పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్ళాల్సిన ఇల్లు మాది! ఆవిడ చేతికి కట్టు కట్టించుకొచ్చిన రోజే అన్నాను మావారితో, “ఈసారి సున్నాలు, పెచ్చులు కాదు. కప్పు మార్చాలి. బాత్‌రూము ఇంట్లోకి రావాలి.”

తాపీమేస్త్రి వచ్చి లెక్క కట్టాడు. దూలాలు, వాసాలు తీసేసి శ్లాబు, గదుల్లో నేల ఎత్తు లేపడం, లోపలే బాత్‌రూము, వంటింటి గట్టు. మొత్తం ఆరున్నర లక్షలు. మావారు పి.ఎఫ్. లోంచి రెండున్నర తీశారు. మిగతా నాలుగు?

ఎప్పుడూ ఎక్కడినుంచి వస్తుందో అక్కడినుంచే వచ్చింది. మా నాన్న పెట్టిన తొమ్మిది కాసుల బంగారం బీరువాలోంచి బ్యాంకుకి వెళ్ళింది. నాలుగు లక్షలు, తొమ్మిది శాతం వడ్డీ. అంటే ఏడాదికి ముప్ఫై ఆరు వేలు. బంగారం నాది కాబట్టి లోను నా పేరునే ఇచ్చారు. సంతకాలు పెడుతుంటే, సంసారంలో నా ఒక్కదాని పేరున రాసిన మొదటి పెద్ద కాగితం అప్పు కాగితం కదా అనిపించింది.

సరే, ఆడిటరుగారి దగ్గరికొద్దాం.

ఆయన ఓపికమంతుడు. తెల్లకాగితం తీసుకుని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. అప్పట్లో అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 24 అని ఒకటుంది. కాపురముంటున్న సొంత ఇల్లు అప్పు చేసి కట్టినా కొన్నా ఆ వడ్డీలో ఏడాదికి రెండు లక్షల దాకా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఉన్న ఇంటిని అప్పు చేసి బాగుచేయించుకుంటే మాత్రం ముప్ఫై వేల దాకానే. 2001లో ఆ సెక్షను తిరగరాసినప్పుడూ ఈ ముప్ఫై వేలే ఉంది. కొత్త ఇంటివాళ్ళకి అప్పట్లో లక్షన్నర ఉన్నది 2014లో రెండు లక్షలైంది. మరమ్మతుల వాళ్ళది మాత్రం అంగుళం కదల్లేదు. ఈ ఇరవై నాలుగేళ్ళలో మేస్త్రి కూలి ఎన్ని రెట్లయిందో ఆ చట్టం రాసినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళనడిగినా చెప్పి ఉందురు.

అసలు తీర్చినదానికి కూడా, అంటే ప్రిన్సిపల్‌కి, 80సి కింద లెక్క చూపచ్చని విన్నాం. అది కట్టినా కొన్నా మాత్రమేనట, రిపేర్లకి లేదు. సొంత డబ్బు పెట్టి చేయించుకున్నదానికి ఏమీ లేదు. మావారి పి.ఎఫ్. రెండున్నర లక్షలు లెక్కలోకే రావన్నమాట. అప్పు చేసినవాడికే ఆదరణ!

ఇక్కడ ఒక మంచి సంగతి. ఆ అప్పు బ్యాంకు వాళ్ళు ‘హౌసింగ్ లోను’ అని పేరుపెట్టి ఇచ్చిందే కానక్కర్లేదు. బంగారం మీద తెచ్చినా, బాబాయి దగ్గర నోటు రాసి తెచ్చినా, ఆ డబ్బు ఇంటి రిపేరుకే పోయిందని బిల్లులు, రసీదులు చూపగలిగితే వడ్డీ లెక్కలోకి వస్తుంది. వడ్డీ పుచ్చుకున్నవాళ్ళు ఇంత పుచ్చుకున్నామని రాసివ్వాలి. చేబదులు తెచ్చుకునేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇరవై వేలు, అంతకుమించిన అప్పు రొక్కంగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను కట్టాల్సిన వేరే ఆదాయం ఎవరికీ లేకపోతేనే దీనికి మినహాయింపు. మా వైపు చేలగట్ల మీద జరిగే అప్పులన్నిటికీ ఆ మినహాయింపు ఉందనుకుంటారు. కొడుకు ఉద్యోగస్థుడైతే ఆ అప్పుకి అది వర్తించదు.

మేస్త్రి కూలికి, ఇసుక బండికి రసీదులు ఎవరు అడుగుతారు చెప్పండి? నేనడిగాను. ఇంటి లెక్కల పుస్తకం రాసే అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. రూళ్ళ పుస్తకంలో తేదీ వేసి మేస్త్రి చేత సంతకం పెట్టించాను. సిమెంటు, ఇనుము బిల్లులు పిన్ను కొట్టి ఉంచాను. (ఆ సిమెంటు మీద మేం కట్టిన జి.ఎస్.టి. 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 18 చేశారు. మా శ్లాబు పోసి అప్పటికి ఏడు నెలలు. మా అదృష్టం ఎప్పుడూ అంతే.)

“అన్నీ బాగానే ఉన్నాయి” అని అప్పుడడిగారు ఆడిటరుగారు ఆ ప్రశ్న. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీసి చూస్తే 1978 నాటి దస్తావేజు, దాని మీద మామగారి పేరు. మొన్న మొన్నటి పంచాయతీ ఇంటిపన్ను రసీదు, దాని మీదా మామగారి పేరే. ఆయన పోయింది 2011లో. పదమూడేళ్ళుగా పోయిన మనిషి పేరున పన్ను కడుతున్నాం, ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు.

ఇల్లు ఆయనది, అప్పు నాది

మళ్ళీ వెళ్ళాం. ఆయన కాగితం మీద రెండు గళ్ళు గీశారు. ఒకదాంట్లో ‘ఇల్లు ఎవరిది’, రెండోదాంట్లో ‘అప్పు ఎవరిది’. “రెండు గళ్ళలోనూ ఒకే పేరుండాలమ్మా. ఇంటికి యజమాని, అప్పుకి బాధ్యుడు, ఇద్దరూ ఒకరైతేనే తగ్గింపు.”

మామగారిది స్వార్జితం, వీలునామా రాయలేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తయ్యగారికీ, మావారికీ, ఇద్దరు ఆడపడుచులకీ తలా పావు వాటా. కాబట్టి మొదటి గడిలో నలుగురి పేర్లున్నాయి, అందులో నా పేరు లేదు. రెండో గడిలో నా పేరొక్కటే ఉంది. మావారికి ఇంట్లో వాటా ఉంది గానీ అప్పు లేదు. నాకు అప్పు ఉంది గానీ వాటా లేదు. ఇద్దరిలో ఎవరికీ ఒక్క రూపాయి తగ్గింపు రాదు.

“పోనీ మావారు ఆయన పావు వాటా నా పేరున రాసేస్తే?” అన్నాను.

ఆడిటరుగారు నవ్వారు. భర్త భార్యకి ఊరికే రాసిచ్చిన ఇంటికి పన్ను లెక్కల్లో యజమాని భర్తేనట. విడిగా బతకడానికి ఒప్పందం చేసుకుని రాసుకుంటే తప్ప! పన్ను తగ్గింపు కోసం విడిపోవాలా ఏమిటి అని దారి పొడుగునా బస్సులో నవ్వుకున్నాం. నవ్వుకున్నామే గానీ ఆ గళ్ళ కాగితం నా చేతిసంచీలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆ సంక్రాంతికి పెద్ద వదినగారు ఏలూరునుంచి వచ్చారు. టెక్సాస్‌లో ఉన్న చిన్నాడపడుచు కూడా నాలుగేళ్ళ తర్వాత వచ్చింది. కాగితాలు రాసే ఆయన మావారికి సులువైన దారి చెప్పాడు: ఆడపడుచులిద్దరూ తమ హక్కు వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాసిచ్చేస్తే సరి. రాయించుకొచ్చేశారు కూడా. కనుమ నాడు మధ్యాహ్నం, అందరూ గారెలు తిని అరుగు మీద కూర్చున్నప్పుడు మావారు ఆ కాగితాలు తీశారు.

పెద్ద వదినగారు చదివారు. రెండోసారి చదివారు. “నాన్న పోయి పదమూడేళ్ళు. ఇన్నేళ్ళూ గుర్తురాని సంతకం ముప్ఫై వేల తగ్గింపు కోసం గుర్తొచ్చిందిరా నీకు?” అన్నారు. అరవలేదు, ఏడవలేదు. కాగితాలు మడిచి తమ్ముడి చేతికిచ్చి, పెరట్లోకి వెళ్ళి నూతి గట్టు మీద కూర్చున్నారు.

నేను వెనకాలే వెళ్ళాను. ఏం చెప్పను? మా నాన్న పోయినప్పుడు మా పుట్టింట్లో నేనూ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాను. అన్నయ్య కాఫీ ఇచ్చాడు, పెన్నిచ్చాడు, పెట్టేశాను, చదవనైనా లేదు. అదే చెప్పాను వదినగారితో. “నువ్వు చదవలేదు, నేను చదివాను, అంతే తేడా” అన్నారావిడ. కాసేపాగి, “అప్పు నీ బంగారం మీదటగా? అది వాడు చెప్పలేదు” అన్నారు.

ఈ గొడవంతా చూస్తూ చిన్నాడపడుచు ఆశ్చర్యపోయింది. వాళ్ళ దేశంలో ఇంటి కిటికీలు మంచివి మార్పించుకుంటే ఖర్చులో 30 శాతం, 600 డాలర్లు మించకుండా, నేరుగా పన్నులోంచే తగ్గించేవారట. వేడినీ చల్లదనాన్నీ రెండిటినీ ఇచ్చే హీట్ పంపుకయితే రెండు వేల డాలర్ల దాకా. తను 2024లో కిటికీలు మార్పించుకుంది. (ఆ రాయితీని 2025 డిసెంబరు 31తో ఎత్తేశారు, అదీ అయిపోయింది.) ఇటలీలో 2020లో కొన్ని రకాల ఇంటి మరమ్మతులకి ఖర్చులో ఏకంగా 110 శాతం పన్ను రాయితీ ఇచ్చి, తర్వాత ఆ బరువు మోయలేక ప్రభుత్వమే తగ్గించుకుంది. మనకి వచ్చేది ఆ రకం కాదు. వాళ్ళది కట్టాల్సిన పన్నులోంచి తీసివేత, మనది ఆదాయంలోంచి తీసివేత. ముప్ఫై వేలు అంటే ముప్ఫై వేలు చేతికొస్తాయని మా వీధిలో సగం మంది అనుకుంటున్నారు. ఇరవై శాతం పన్ను పడేవాళ్ళకి దాని వల్ల మిగిలేది, సెస్సుతో కలిపి, 6,240 రూపాయలు.

ఆ ఆరువేల రెండువందల నలభై కోసం నూతి గట్టు మీద ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మావారి జీతం ఏడాదికి పదిన్నర లక్షలు. 2024-25 సంవత్సరానికి పాత పద్ధతిలో 80సి లక్షన్నరా, ఈ ముప్ఫై వేలూ అన్నీ తీసేసినా పన్ను 79,560. కొత్త పద్ధతిలో ఏ తగ్గింపూ లేకుండా, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం తీసేస్తే 49,400. వృత్తిపన్ను లాంటి చిల్లర పక్కన పెట్టాను. కొత్త పద్ధతిలో సొంతంగా కాపురముంటున్న ఇంటి వడ్డీకి తగ్గింపే లేదు. అయినా అదే ముప్ఫై వేలు చవక! అంటే ఆ విడుదల దస్తావేజుల మీద ఇద్దరూ నవ్వుతూ సంతకాలు పెట్టినా మాకు ఒరిగేది సున్నా. ఈ లెక్క కాగితాలు రాయించకముందే వేసుకుని ఉండాల్సింది.

పొద్దున్నే మావారికి చూపించాను. ఆయన మాట్లాడలేదు. ఆ కాగితాలు తీసుకెళ్ళి కాగులకింద పొయ్యిలో పెట్టేశారు. పక్షం తిరక్కుండా ఫిబ్రవరి 1న బడ్జెట్టు వచ్చింది. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల ఆదాయం దాకా, జీతగాళ్ళకయితే పన్నెండుముప్పావు దాకా, పన్నే లేదన్నారు. మా ఇంటి మట్టుకు సెక్షన్ 24 ముచ్చట అక్కడితో ముగిసింది.

అందరికీ ముగిసిందని కాదు. పెద్ద జీతం ఉండి, ఇంటద్దె అలవెన్సు, పెద్ద హౌసింగ్ లోను వడ్డీ ఉన్నవాళ్ళకి పాత పద్ధతి ఇంకా లాభించవచ్చు. రెండు రకాలుగానూ వేసి చూసుకోవాలి. ఇంటికి ఇద్దరు యజమానులుండి, ఇద్దరూ కలిసి అప్పు చేసి, ఇద్దరూ పాత పద్ధతిలో పన్ను కడుతుంటే ఎవరి ముప్ఫై వేలు వారివి. ఉద్యోగం చేసే చెల్లెళ్ళు ఇది గమనించాలి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకయితే కొత్త పద్ధతిలోనూ కొంత ఊరట ఉంది. ఇంటిపన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం, ఏ బిల్లూ చూపక్కర్లేకుండానే మరమ్మతుల కింద తీసేస్తారు. అప్పు వడ్డీని కూడా ఆ అద్దె మేరకు తీసేసుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. ఆడిటర్ని అడిగేటప్పుడు నంబరు చెప్పకుండా “ఇంటి అప్పు వడ్డీ” అనండి, చాలు.

ఇంకో రసీదు

ఇంతకీ అత్తయ్యగారి సంగతి చెప్పలేదు. చేతికట్టుతో మూలమంచం మీద పడుకుని ఆవిడ అన్నీ వింటూనే ఉన్నారు. ఆడపడుచులు వెళ్ళబోయే ముందు రోజు ముగ్గుర్నీ పిలిచారు. “ముందు నలుగురి పేర్లూ పంచాయతీలో ఎక్కించండి. ఎవరి వాటా వాళ్ళది. ఎవరూ ఎవరికీ వదలక్కర్లేదు. నా పావు వాటా మాత్రం కోడలికి రాస్తాను” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మావారు కూతుళ్ళ మొహాలకేసి చూస్తున్నారు, తల్లి ఏం గొడవ తెచ్చిపెట్టిందో అన్నట్టు. పెద్ద వదినగారే ముందు అన్నారు: “రాయమ్మా. శ్లాబులో ఉన్నది దాని తొమ్మిది కాసులే కదా.” ఆవిడ తన వాటా మాత్రం ఉంచుకున్నారు. అమ్మడానికి కాదుట, పుట్టింటి రసీదు మీద తన పేరు చూసుకోవడానికట. నాకది ఎంతో నచ్చింది.

వారసుల సర్టిఫికెట్టు, మామగారి మరణ ధ్రువపత్రం, పాత దస్తావేజు నకలు పట్టుకుని తిరిగాం. మార్చిలో రిజిస్ట్రారు ఆఫీసుకి అత్తయ్యగార్ని ఆటోలో తీసుకెళ్ళి సెటిల్‌మెంటు దస్తావేజు రాయించాం. దీనికీ ఆడిటరుగారొక చమత్కారం చెప్పారు. అత్తగారు కోడలికి ఊరికే రాసిచ్చిన ఆస్తి మీద అద్దె వస్తే ఆ అద్దె పన్ను లెక్కల్లో అత్తగారి ఆదాయంలోనే కలుస్తుందట. మేం కాపురముండే ఇల్లు కాబట్టి అద్దె గొడవ లేదు. ఇప్పుడు రెండు గళ్ళలోనూ నా పేరుంది: ఇల్లూ నాదే, పావు వంతు. అప్పూ నాదే, పూర్తిగా. కథలకొచ్చే పారితోషికాల మీద ఎలాగూ పన్ను పడదు కాబట్టి తగ్గించుకోవడానికి నాకు ఆదాయం లేదంతే!

శ్లాబు వేశాం, బాత్‌రూము లోపలికొచ్చింది. అత్తయ్యగారు రాత్రి లేచినప్పుడు గోడకి బిగించిన ఇనపకమ్మీ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, వచ్చేస్తారు. మొన్న వానాకాలం గిన్నెలన్నీ గూట్లోనే ఉన్నాయి.

గట్టి కప్పు వచ్చాక సోలారు పలకల ఆలోచన వచ్చింది. ఇది ప్రభుత్వం నిజంగా చేతికిచ్చే డబ్బు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ. పన్ను కట్టేవాళ్ళకీ కట్టనివాళ్ళకీ ఒకటే. పథకం 2026-27 వరకూ పెట్టారు. ముందు మన డబ్బు పెట్టాలి, లేదా లోను తీసుకోవాలి. గుర్తింపు ఉన్న కంపెనీ చేతే బిగించుకోవాలి. మన దేశంలో తయారైన పలకలే వాడాలి. మీటరు మార్చి అంతా తనిఖీ అయ్యాక సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. సోలారు సామాను మీద జి.ఎస్.టి. కూడా 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి దిగింది. ఈసారి ముందే తెలుసుకున్నాను లెండి.

దరఖాస్తుకి కరెంటు బిల్లు కావాలి, కనెక్షను దరఖాస్తుదారు పేరునే ఉండాలి. బిల్లు తీసి చూశాను. అక్కడా మామగారే! పేరు మార్పించడానికి కరెంటు ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో అబ్బాయి కాగితం తీసుకుని “ఎవరి పేరున మార్చాలి సార్?” అని మావారిని అడిగాడు.

మావారు పెన్ను నా చేతికిచ్చారు. ఇంటిపేరుతో సహా రాశాను.